దొడ్లె రెండు గంజాయి చెట్లు

అయిజ,
1936, శ్రావణం.

నా కొడుకు జయరాజుకు,

పాసైనవు కొడుకా, పాసైనవు! వకీలువైనవు! మేము క్షేమం, నువ్వు క్షేమం, అవన్ని ఎనక రాస్త, ముందు ఇది సదువు.

నీకు ఇంకా తెల్సిందో లేదో. నిన్న గద్వాల సంతల ఎడ్లకు పగ్గాలు బేరమాడుతున్న. కచేరి గుమాస్త పెంటయ్య వచ్చి, "నాగర్‌కర్నూల్‌ల వకీలు సాబ్ కాడ పని నేర్సుకుంటున్న జయరాజు నీ కొడుకేనా?" అని అడిగిండు. "నా కొడుకే. ఏం తప్పు చేసిండు?" అన్న. "తప్పు చేసెటోల్లను ఇడిపించెటోడైండు. వకాలత్ పరీక్ష పాసైండని సర్కారు జరీద పత్రికల పేరు అచ్చైంది" అన్నడు. నేను ఆయన్ని సంత నడుమ అట్లనే ఎత్తుకున్న. నేనే డెబ్బైకి దగ్గరొచ్చిన ముసలోన్ని, ఎట్ల ఎత్తిన్నో నాకే తెల్వదు. ఆయన చెప్పులు కింద పడ్డయి, జనం గుమిగూడిన్రు, కొట్లాట అనుకున్నరు. "కొట్లాట కాదు, నా కొడుకు వకీలైండు!" అని ఒర్లిన. పగ్గాలు అక్కడనే మర్సి వచ్చిన. మీ అమ్మ సత్యమ్మ తిడుతుంది, నవ్వుకుంటనే తిడుతుంది.

ఊర్ల అందరికి చెప్పిన. రెండు సార్లు ఇన్నోల్లు కూడ ఉన్నరు. ఇయ్యాల పొద్దుగాల ఈత చెట్లకు నంబర్లేయను అబ్కారీ అమీను సాబ్ వచ్చిండు, ఆయనకు కూడ చెప్పిన. మంచోడు. ఇన్నడు.

మల్ల రాసేది: పైన రాసి పది దినాలాయె. కృష్ణ నిండుగ పారుతుంది, బీచుపల్లి కాడ ఏరు దాటిచ్చె పుట్లు నడుస్తలేవు, టపా పోలె. ఆగింది మంచిదే ఐంది, ఇంకో సంతోషం తోడైంది! నిన్న కచేరి జవాను ఒక కాయితం తెచ్చి ఇచ్చిండు. ఉర్దూల ఉంది, మీద ఇంత పెద్ద ముద్ర. నువ్వు పాసైనందుకు సర్కారు మనకు రాసినట్టుంది. లేకుంటే అయిజ భీమన్నకు సర్కారు ఎందుకు రాస్తది? జవానుకు కడుపు నిండ బువ్వ పెట్టినం. తినుకుంట ఏందో చెప్పబోయిండు గాని నేను నీ సంగతే చెప్పుకుంట ఆయన మాట ఇననే లేదు. కాయితం దీంట్ల పెట్టి పంపుతున్న. ఏమేం పొగిడిన్రో తెలుగుల రాయి, ఊర్ల సదివిపిస్త. మీ అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది, మరక చూసి పరేషాన్ కాకు.

నీ నాయిన
భీమన్న


నాగర్‌కర్నూల్,
భాద్రపదం.

పూజ్యులైన నాయిన గారికి జయరాజు నమస్కరించి రాయునది.

మీరు పంపిన కాగితం పొగుడుతూ రాసింది కాదు. అది సమను. అందులో ఉన్నది ఇది: అయిజ కాపురస్తుడైన భీమన్న తన దొడ్డిలో పర్మిటు లేకుండా రెండు గంజాయి చెట్లు పెంచుతున్నట్టు అబ్కారీ అమీను స్వయంగా చూసినాడు గనుక, ఆశ్వయుజం తర్వాత పెట్టిన తేదీన గద్వాల అదాలత్‌లో హాజరు కావలెను. నేరం రుజువైతే మూడు నెలల ఖైదు.

వకీలు సాబుకు చూపించినాను. ఆయన ముందుగా కుంకుమ బొట్టు చూసినారు. ఇరవై ఏండ్ల వకాలతులో బొట్టు పెట్టిన సమను చూడలేదని అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన సలహా ఒక్కటే. అదాలత్‌లో తప్పు ఒప్పుకొని, చెట్లు పీకేస్తానని చెప్పండి. ముసలివారని జుర్మానాతో వదిలిపెడతారు. కొట్లాడి ఓడిపోతే ఖైదు తప్పదు. మీకు ఈ వయసులో జైలు అన్నం పడదు. నా సంగతి కూడా ఆలోచించండి. కొత్తగా సనదు పుచ్చుకున్న వకీలు కన్నతండ్రినే కాపాడలేకపోతే అతని దగ్గరికి కేసు పట్టుకొని ఎవరు వస్తారు?

ఒక్క విషయం తెలియాలి. మన దొడ్డికి మనిషెత్తు కంప ఉన్నది. అమీనుకు చెట్లు ఎట్లా కనబడినాయి? ఎవరు చెప్పినారు? రాయండి.

మీ విధేయుడు
జయరాజు


అయిజ,
భాద్రపదం, నీ ఉత్తరం అందిన దినమే.

నా కొడుకు జయరాజుకు,

మీరు, మీరు అని రాసినవు. ఎవరికి రాసిన ఉత్తరమో అని ఎనక్కి తిప్పి పేరు చూసిన. నా పేరే ఉంది. వకీలైతే నాయిన కూడ మీరు ఐతడు గావచ్చు! మంచిగనే ఉంది గాని మల్ల రాయకు, అత్తగారింట్ల కూసున్నట్టుంది.

కొడుకా, నీకు అర్థమైతలేదు. పాసైన నెలకే నీకు కేసు దొరికింది! ఎవల ఇంటికి పోకుండ, ఎవల కాళ్లు పట్టకుండ, నీ ఇంట్లనే దొరికింది! మీ అమ్మ మూడు నెలలనంగనే ఏడ్సింది, నేను మాత్రం ఎగిరి గంతేసిన. దూలం తగిలి నెత్తి బొప్పి కట్టింది.

ఆ రెండు చెట్లు నీకు తెల్వనివి కావు. కొట్టం పక్కన మా నాయిన పెట్టిండు. రాలిన గింజలకెల్లి అవే మొలుస్తున్నయి. పచ్చిమేత తిని ఎద్దు కడుపు ఉబ్బితే ఆకు తెంపి దంచి తాగిపిస్తం. నేను చుట్ట తప్ప ఇంకోటి నోట్ల పెట్టనని ఊరంత తెల్సు. అమ్మలే, కొనలే, ఎవనికి పొగ పెట్టలే. మరి నేనేం తప్పు చేసిన్నని ఒప్పుకోవాలె? నేనొక్కన్ని ఒప్పుకుంటే, రేపు అమీను ఎవల దొడ్లెకైన వస్తడు, "భీమన్న ఒప్పుకున్నడు గద" అంటడు.

నాకొక్క సంగతి చెప్పు, సదువుకున్నోనివి. అంగట్ల అమ్మెటోని మీద సర్కారు పన్నేస్తది, సరే. మీ అమ్మ పొద్దుగాల లేచి కవ్వం పట్టుకుంటది. రేపు ఒక అమీనొచ్చి, "నువ్వు ఇంట్ల చిలుకుకుంటే అంగట్ల చల్ల కొనవు, కొనకుంటే సర్కారుకు పన్ను రాదు, కవ్వం ఇటియ్యి" అంటే ఇయ్యాల్నా? మీ అమ్మ ఇస్తదా? అది కవ్వంతోని ఏం చేస్తదో నీకు తెల్సు.

ఇగ చెట్లు ఎట్ల కనపడ్డయంటే, ఎట్లనో కనపడ్డయి. కంపల సందులుంటయి. దాని సంగతి ఇడిసిపెట్టు.

తప్పు ఒప్పుకోను. నువ్వే వకాలత్ చెయ్యాలె.

నీ నాయిన
(మీరు కాదు, నువ్వు)


నాగర్‌కర్నూల్,
ఆశ్వయుజం.

నాయినా,

కవ్వం సంగతి వకీలు సాబుకు చదివి వినిపించిన. ముందు పొట్ట పట్టుకొని నవ్విండు. తర్వాత నవ్వు ఆపి, "మీ నాయిన ఏం చదివిండు?" అని అడిగిండు. వీధిబడి, అది కూడ మూడేండ్లు అన్న. లేచి అబ్కారీ కానూను పుస్తకం తీసిండు. నాలుగు దినాలు ఇద్దరం దాని ముందరనే కూర్చున్నం.

నీకు తెలిసేటట్టు రాస్త. సర్కారు అయినంత మాత్రాన అన్ని చెయ్యొచ్చు అని లేదు. నీ చేనుకు గట్టున్నట్టే సర్కారు అధికారానికి కూడ గట్టు ఉంటది. కానూను ఎంత ఇచ్చిందో అంతే. అబ్కారీ కానూను సర్కారుకు ఇచ్చింది పన్ను వేసే హక్కు. అమ్మేదాని మీద, కొనేదాని మీద, బజారుకు తోలేదాని మీద. అమ్మనిది, కొననిది, ఇల్లు దాటనిది ఆ గట్టుకు అవతల. సొంతానికి ఇంట్లో పెంచవద్దనే మాట పుస్తకమంతా వెతికినా లేదు. ఇట్లాంటి కేసు మీద పాత తీర్పు కూడ మాకు దొరకలేదు. అవతలి వకీలు ఏమంటడో వకీలు సాబు ముందే చెప్పిండు: అందరు ఇంట్లో పెంచుకుంటే సర్కారు దుకాణంలో కొనేది ఎవరు, కాబట్టి ఇంట్లో కూడ బంద్ చెయ్యొచ్చు అంటడు. దానికి జవాబు నీ కవ్వమే.

ఇదంతా మురిసిపోతూ నాలుగు కాగితాల మీద రాసుకున్న. "ఒక్క ఆకు కూడ ఇల్లు దాటలేదు" అని కింద గీత కూడ గీసిన. నిన్న అక్క బాలనాగమ్మ వనపర్తి నుంచి వచ్చింది. జొన్న రొట్టె విరిచి పెడుతూ, "నాయిన అమీను గుర్రానికి మందు పోసిండట గద, బాగైందా గుర్రం?" అని అడిగింది.

నాయినా! ఏ గుర్రం?

నువ్వు గుర్రానికి పోసినవంటే ఇంకొకరికి ఇచ్చినట్టు. ఇచ్చినవంటే అమ్మినవంటరు. అమ్మినవంటే మన కేసు అక్కడనే ముగుస్తది, నువ్వు జైలుకు పోతవు. కంపలో సందులని రాసినవు నాకు! జరిగింది జరిగినట్టు రాయి. పైసలు తీసుకున్నవా?

ఇంకొకటి కూడ చెప్పాలె. ఆ తేదీకి వకీలు సాబుకు వేరే అదాలత్‌లో పని ఉంది. నేనొక్కన్నే వస్త. ఇంతవరకు అదాలత్‌లో "హుజూర్" తప్ప ఇంకో మాట అనలేదు. నా నోరు పెగలకపోతే మూడు నెలలు పోయేది నువ్వు, నేను కాదు. ఇప్పటికైనా తప్పు ఒప్పుకుంటే మించిపోయింది లేదు.

జయరాజు


అయిజ,
ఆశ్వయుజం.

నా కొడుకు జయరాజుకు,

బాలనాగమ్మకు కడుపుల మాట ఆగదు, మీ అమ్మ పోలిక. సరే, ఇను.

నీ సంగతి తెల్సిన మర్నాడు అమీను సాబ్ ఈత వనం దిక్కు పోతుండు. మన ఇంటి ముంగటికి రాంగనే గుర్రం కూలబడ్డది. కడుపు ఉబ్బింది, కాళ్లు కొట్టుకుంటుంది, పొర్లుతుంది. ఆయన లగాం ఇడిసిపెట్టి గుర్రం నెత్తి ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. టోపీ దుమ్ముల పడ్డది, చూసుకోలె. నేను ఉరికిన. "సాబ్, పరేషాన్ కాకుండ్రి, దీనికి మందుంది. నా కొడుకు వకీలైండు" అన్న.

"నీ కొడుకు వకీలైతే నా గుర్రానికేంది?" అన్నడు.

"గుర్రానికేం లేదు సాబ్, నాకు సంతోషం" అన్న.

ఇద్దరం కలిసి లేపి మన దొడ్లెకు నడిపిచ్చుకొచ్చినం. ఆకు తెంపిన, వాము, బెల్లం ఏసి దంచిన, చల్లల కలిపి వెదురు గొట్టంతోని తాగిపిచ్చిన. గంట సేపాయె. గుర్రం లేచి నిలబడి, ఊరంత ఇనపడేటట్టు ఒక్క గాలి ఇడిసింది. మీ అమ్మ బాయి కాడ ఉండి, "ఏం కూలింది?" అని కేకేసింది! అమీను సాబ్ గుర్రం మెడ పట్టుకొని ఏడ్సిండు, నేను నువ్వు గుర్తొచ్చి ఏడ్సిన.

"ఏం మందు పెద్దాయనా?" అని అడిగిండు. "ఇదుగో" అని చెయ్యి పట్టుకొని తోలుకపోయి నేనే చూపించిన. ఆయన చెట్టును చూసిండు, గుర్రాన్ని చూసిండు, నన్ను చూసిండు. "ఎందుకు చూపించినవు పెద్దాయనా?" అన్నడు. "నువ్వడిగినవు గద" అన్న. "చూసినంక రాయకుంటే నా నౌకరి పోతది" అనుకుంట కాయితం తీసి రాసుకున్నడు. మందు పేరు రాసుకుంటుండేమో అనుకున్న. వాము ఎంత ఎయ్యాల్నో కూడ చెప్పిన.

పైసలంటవా? రూపాయి తీసి నా చేతుల పెట్టబోయిండు. చెయ్యి ఎనక్కి పెట్టుకున్న. పసుల మందుకు పైస ముట్టొద్దు కొడుకా. ముడితే ఆ చేతి మందు మల్ల ఏ గొడ్డుకు పారదు. మా నాయిన నాకు మందు చెప్పిన దినమే ఒట్టేపిచ్చుకున్నడు: పైస వద్దు, గింజ వద్దు, ఆఖరుకు చుట్ట కూడ వద్దు. యాభై ఏండ్లాయె, ఏ ఊరోల్లు గొడ్డును తోలుకొచ్చిన నేను చెయ్యి చాపలే.

నీకెందుకు చెప్పలేదంటే, భయమైంది. కొడుకు వకీలైండని గొప్ప చెప్పుకోను పోయి కేసు తెచ్చుకున్న అంటే, నువ్వు నీ పాసునే తిట్టుకుంటవని. అది నాకు జైలు కంటె ఎక్కువ.

నోరు పెగలదేమో అన్నవు. నీకు మూడేండ్లు నిండెదాంక ఒక్క మాట రాలే. మీ అమ్మ మొక్కని దేవుడు లేడు. ఒక దినం బండి మీద నా ఒళ్లె కూసొని, "నాయినా, ఎద్దు కుంటుతుంది" అన్నవు. మొదటి మాటనే అంత పెద్దది! దిగి చూస్తే నిజంగనే కుంటుతుంది. నాకు కనపడలే, నీకు కనపడ్డది, చెప్పినవు. అక్కడ కూడ అంతే, కనపడ్డది చెప్పు.

నీ నాయిన


నాగర్‌కర్నూల్,
కార్తీకం.

నాయినా,

నీకు చెప్పకుండ అదాలత్ నుంచి ఉరికి వచ్చినందుకు కోపం పెట్టుకోకు. నీ మొఖం చూడలేకపోయిన.

అమీను బోనెక్కింది గుర్తుంది. "గుర్రం ఎక్కడ నిలబడ్డది?" అని అడిగింది గుర్తుంది. ఆ తర్వాత నేనేం మాట్లాడిన్నో ఒక్క ముక్క గుర్తు లేదు. చెవులు గుయ్యిమన్నయి. జనం నవ్విన్రు, నన్ను చూసి నవ్విన్రో ఎందుకు నవ్విన్రో తెలియదు. మున్సిఫు సాబు "తీర్పు నెల తర్వాత" అన్నప్పుడు మల్ల చెవులు వినపడ్డయి. బీచుపల్లి దాంక నడుస్తూనే ఉన్న. పుట్టిలో కూర్చున్నంక చూస్తే, రాసుకున్న కాగితాలు నాలుగు జేబులోనే ఉన్నయి. తీయనే లేదు.

తీర్పు నాటికి నేను రాలేను, ఇక్కడ వకీలు సాబు పని వదలదు. నిజం చెప్పాలంటే రావడానికి ధైర్యం కూడ లేదు. ఓడితే తప్పు నా నోటిది. ఏదైనా సరే, దాచకుండ, ఆ దినమే రాయి.

జయరాజు


గద్వాల, కచేరి ముంగటి అరుగు మీద,
మార్గశిరం.

నా కొడుకు జయరాజుకు,

ఇడిసిపెట్టిన్రు! ఇడిసిపెట్టిన్రు కొడుకా! గెలిచినవు! ఖైదు లేదు, జుర్మానా లేదు, చెట్లు కూడ పీకొద్దు అన్నరు! మోకాలు మీద కాయితం పెట్టి రాస్తున్న, అక్షరాలు వంకర పోతున్నయి, ఎట్లనో సదువుకో.

తీర్పు ఉర్దూల సదివిన్రు. మున్సిఫ్ సాబ్ మొఖం చూస్తే మంచో చెడో తెల్వలే. నీ మీద ఒట్టు, భయపడ్డ. పక్కన గుమాస్త పెంటయ్య ఒక్కొక్క ముక్క తెలుగుల చెప్పిండు. అబ్కారీ కానూను సర్కారుకు ఇచ్చింది యాపారం మీద పన్నేసె హక్కు అంట. యాపారం లేని కాడ ఆ హక్కు లేదంట. పన్ను తగ్గుతదని మనిషి ఇంట్ల సొంతానికి చేసుకునేవన్ని బంద్ చెయ్యబోతే, ఇగ సర్కారు చెయ్యి పొయ్యి దాంక వస్తదంట. కానూను ఇయ్యని అధికారం అమీనుకు లేదు, అమీను మీదోనికి లేదు, ఈ అదాలత్‌కు కూడ లేదంట! అదాలత్ తనకే లేదని చెప్పుకుంది కొడుకా! అంత పెద్ద కుర్సీల కూసొని, "ఇంతవరకే నాది" అన్నడు. నేను చేతులెత్తి మొక్కిన. జవాను కూసోమన్నడు. కూసోలే.

నువ్వేం మాట్లాడినవో గుర్తు లేదన్నవు గద? నాకుంది. అన్ని ఉన్నయి. చచ్చెదాంక ఉంటయి. ఇను.

"గుర్రం ఎక్కడ నిలబడ్డది?" అన్నవు. "దొడ్లె" అన్నడు అమీను. "ఆకు దొడ్డి దాటిందా?" అన్నవు. ఆయన "గుర్రం కడుపుల దాటింది" అన్నడు. అప్పుడు నవ్విన్రు జనం, నిన్ను చూసి కాదు. నువ్వు మాత్రం నవ్వలే. "గుర్రం ఎవలది?" అన్నవు. "నాది." "బయటికి తోలుకపోయింది ఎవరు?" "నేనే." "అట్లయితే దాటిచ్చింది మీరు" అన్నవు! మున్సిఫ్ సాబ్ రుమాలు అడ్డం పెట్టుకున్నడు.

ఆ తర్వాత "పైసలిచ్చిన్రా?" అని అడిగినవు. అమీను సాబ్ ఇచ్చిన అనొచ్చు కొడుకా, ఒక్క మాట, నేను జైలుకు పోయెటోన్ని. ఆయన నన్ను చూసిండు. "రూపాయి ఇయ్యబోయిన. బతిమిలాడిన. ముసలాయన చెయ్యి ఎనక్కి పెట్టుకున్నడు, ముడితే మందు పారదన్నడు" అన్నడు. ఉన్నది ఉన్నట్టు చెప్పిండు, దేవుడు సల్లగ చూడాలె. బయట కట్టేసిన ఆయన గుర్రం అప్పుడే సకిలించింది. అందరు అదేదో సాక్ష్యం అన్నట్టు అటు దిక్కు తిరిగిన్రు!

సర్కారు వకీలు లేచి, అందరు ఇంట్ల పెంచుకుంటే దుకాణంల ఎవరు కొంటరు అన్నడు, నువ్వు రాసినట్టే. నువ్వు కవ్వం చెప్పినవు. అంతటితోని ఆగుతవనుకున్న. కచేరి నిండ గద్వాల నేతగాళ్లు కూసున్నరు, వాళ్ల దిక్కు చెయ్యి చూపి, "వీళ్లు ఇంట్ల చీర నేసి సొంత బిడ్డకు కట్టపెడితే బజారుల ఒక చీర తక్కువ అమ్ముడుపోతది. మగ్గం బంద్ చెయ్యాల్నా హుజూర్? తల్లి బిడ్డకు పాలిస్తే పాలోనికి నష్టం. అది కూడ బంద్ చెయ్యాల్నా?" అన్నవు. ఎవ్వరు నవ్వలే. నేను ఆ మనిషిని చూసిన. ఈడు ఎవని కొడుకు అనుకున్న. నా కొడుకే!

ఇయ్యాల తీర్పైనంక అమీను సాబ్ అరుగు కాడికి వచ్చి నన్ను అలుముకున్నడు. "పెద్దాయనా, నేను ఓడిన, నా గుర్రం గెలిచింది" అన్నడు. నీకు సలాం చెప్పమన్నడు.

ఇగ ఎవలెవలకు చెప్పాల్నో రాస్తున్న. అందరికి నేనొక్కన్నే ఉరకలేను, సగం నువ్వు రాయి.

వనపర్తిల అక్క బాలనాగమ్మకు ముందు రాయి. ఆమెకు ఒక్కదానికి చెప్తే ఊరికంత చెప్పినట్టే, చాటింపు కూలి మిగుల్తది.

మీ మేనత్త పెంటమ్మకు. చెవుడు, ఎవరన్న గట్టిగ సదివి ఇనిపియ్యమని పైన రాయి.

రాములు మామకు. పోరనికి సదువెందుకు, నాగలి పట్టియ్యి అని నాతోని అన్నది ఆయనే. ఆయనకు రెండు ఉత్తరాలు రాయి.

మీ చిన్నమ్మ రేణుకమ్మకు, ఆమె మొగనికి. ఇద్దరికి మాటల్లేవు, ఏరే ఏరే రాయి. ఈ సంగతి మీదనన్న మాట్లాడుకుంటరేమో.

బీచుపల్లిల మీ అమ్మమ్మ జమ్ములమ్మకు రాయకు, నువ్వే పోయి చెప్పు. తొంభై ఏండ్ల మనిషి, కాయితం మీద చెప్తే నమ్మదు, మొఖం పట్టుకొని చూడాలె.

ఇంకొక్కరున్నరు. మీ అమ్మ. ఆమెకు తెల్వదు కొడుకా! తెల్లారక ముందు లేచి రొట్టెలు చేసి, రెండు ధోతులు, దుప్పటి కలిపి మూట కట్టి, "మూడు నెలలకు ఇవి సాలుతయా?" అని అడిగి, నా మొఖం చూడకుండ లోపటికి పోయింది. ఆమెకు చెప్పక ముందే నీకు రాసుకుంట కూసున్న, ఎంత ఎర్రోన్ని! మూట ఇప్పుడు చంకల ఉంది. బండి కోసం ఆగను, నడుస్తున్న.